దేశాల మధ్య నమ్మకాన్ని అంకెల్లో కొలవొచ్చా? (డిజర్టేషన్ కోసం అడుగుతున్నాను)

అరుణ్_ఎంఏ (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఎంఏ పొలిటికల్ సైన్స్ రెండో సంవత్సరం, ఉండేది తార్నాకలో. డిజర్టేషన్‌కి "రాజకీయ నమ్మకాన్ని కొలవడం, అంతర్జాతీయ సంబంధాల్లో దాని పాత్ర" అని టాపిక్ రాసిచ్చాను. టాపిక్ ఓకే అయింది. మెథడాలజీ చాప్టర్ దగ్గర బండి ఆగిపోయింది.

చదివినంతలో నాకు తెలిసింది చెబుతాను. ప్రభుత్వం మీద జనానికి ఎంత నమ్మకం ఉందో వరుసగా కొలవడం అమెరికాలో 1958లో మొదలైంది. వాషింగ్టన్‌లోని ప్రభుత్వం సరైన పనే చేస్తుందని ఎంతవరకు నమ్మగలరు అని అడుగుతారు. 1964లో "ఎప్పుడూ" లేదా "చాలావరకు" అన్నవాళ్లు 77 శాతం. ఆ తర్వాత వియత్నాం, వాటర్‌గేట్. ఈమధ్య 20 శాతం చుట్టుపక్కలే తిరుగుతోంది. యూరప్‌లో యూరోబారోమీటర్ 1974 నుంచి ఉంది, వరల్డ్ వాల్యూస్ సర్వే 1981 నుంచి ఉంది, మన దగ్గర లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ల సర్వేలు ఉన్నాయి. వేరే దేశాల గురించి మనవాళ్లు ఏమనుకుంటున్నారో అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వేల్లో దొరుకుతుంది. డేటాకి కొరత లేదు.

నా ప్లాన్ సింపుల్. ఒక దేశం మీద మన జనానికి ఉన్న నమ్మకం శాతం ఒక కాలమ్‌లో, ఆ దేశంతో కుదిరిన ఒప్పందాలు ఇంకో కాలమ్‌లో పెట్టి, రెండూ కలిసి పెరుగుతున్నాయా లేదా చూడటం. కానీ లెక్క వేయకముందే మూడు విషయాలు అడ్డం పడుతున్నాయి.

అమెరికాలో ప్రభుత్వం మీద నమ్మకం పడిపోతూ వచ్చిన ఈ అరవై ఏళ్లలో నాటో తగ్గలేదు. 1964లో 15 దేశాలుంటే 2024లో స్వీడన్ చేరాక 32 అయ్యాయి. రెండోది, వరల్డ్ వాల్యూస్ సర్వేలో చైనా ప్రజలకు తమ కేంద్ర ప్రభుత్వం మీద 90 శాతానికి పైనే నమ్మకం కనిపిస్తుంది. ఆ అంకెను పట్టుకుని ఏం రాయాలి? మూడోది మనదే. భారత్, పాకిస్తాన్ ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకున్నాయి. 1992 నుంచి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ వచ్చింది, పార్లమెంటు మీద దాడి జరిగింది, ముంబై, బాలాకోట్... జాబితా మాత్రం వెళుతూనే ఉంది.

నమ్మకం లేకపోయినా పని నడుస్తుంటే నేను కొలిచేది దేన్ని? ఈ సబ్జెక్టులో పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపండి. "టాపిక్ మార్చుకో" అనే సలహా మా రూమ్మేట్ ఇప్పటికే ఇచ్చాడు.

---

అశోక్‌నగర్_రీడింగ్‌రూమ్

బ్రో, నీ ప్రాబ్లమ్ సర్వే దగ్గరే మొదలైంది. జనం సంగతి పక్కన పెట్టు. ఐఆర్‌లో, అంటే అంతర్జాతీయ సంబంధాల సబ్జెక్టులో, నమ్మకం అంటే ఎదుటివాడు మోసం చేయడని వేసుకునే అంచనా, అంతే. మేము సివిల్స్ మెయిన్స్‌కి చదివేది ఇదే.

1978లో రాబర్ట్ జెర్విస్ సెక్యూరిటీ డైలమా మీద రాశాడు. నేను భయంతో తుపాకీ కొంటే అది చూసి నువ్వు భయపడి ఇంకోటి కొంటావు, ఇద్దరిలో ఎవరికీ దాడి చేసే ఉద్దేశం లేకపోవచ్చు. దీన్నుంచి బయటపడటం ఎలా అనేదానికి ఆండ్రూ కిడ్ 2005లో ఒక జవాబిచ్చాడు. మాటలతో పని లేదు, నీకు నష్టం కలిగించే సిగ్నల్ ఒకటి పంపాలి. మోసం చేయాలనుకున్నవాడు అంత ఖర్చు పెట్టుకోడు కాబట్టి ఎదుటివాడు నమ్మడం మొదలుపెడతాడు. సోవియట్ నాయకుడు గోర్బచేవ్ 1988 డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితిలో నిలబడి, ఎవరూ ఏమీ ఇవ్వకముందే 5 లక్షల సైన్యం తగ్గిస్తానన్నాడు. టెక్స్ట్‌బుక్ ఎగ్జాంపుల్.

దానికి ఏడాది ముందే, 1987 డిసెంబరు 8న, ఐఎన్ఎఫ్ ఒప్పందం. అంటే అమెరికా, సోవియట్ యూనియన్ మధ్యశ్రేణి క్షిపణులను తీసేయాలని చేసుకున్నది. రీగన్ రష్యన్ సామెత ఒకటి నేర్చుకుని ప్రతిసారీ అదే చెప్పేవాడు, "నమ్ము, కానీ సరిచూసుకో" అని. గోర్బచేవ్‌కి విసుగొచ్చి ప్రతి మీటింగులోనూ ఇదే అంటారు మీరు అన్నాడట. సరిచూసుకోవడం కూడా ఉత్తుత్తిగా కాదు. రష్యాలోని వోట్‌కిన్స్క్ క్షిపణి ఫ్యాక్టరీ గేటు ముందు అమెరికన్లు, అమెరికాలో యూటా రాష్ట్రంలోని మాగ్నా ఫ్యాక్టరీ గేటు ముందు రష్యన్లు కూర్చుని బయటికి వెళ్లే బండ్లను చెక్ చేశారు. 1991 నాటికి రెండు వైపులా కలిపి 2,692 క్షిపణులు పోయాయి.

సో, సరిచూసుకునే ఏర్పాటు ఉంటే నమ్మకం అక్కర్లేదు. నీ జనవరి 1 జాబితాకీ ఇదే లాజిక్. సర్వే కాలమ్ డిలీట్ చేసేసి వెరిఫికేషన్ మీద రాసుకో. ఐఎన్ఎఫ్ 2019లో పోయింది అంటావేమో, 30 ఏళ్లు పనిచేసింది చాలదా?

---

సుగుణ_నల్లకుంట

అరుణ్, డిలీట్ కొట్టకండి. ముందు ఆ కాలమ్‌లో ఉన్నదేమిటో తెలుసుకుందాం. నేను రిటైరయ్యేదాకా సర్వేల ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా చేశాను. ట్యాబ్‌లు రాకముందు, కాగితం షెడ్యూళ్ల (సర్వే ప్రశ్నల ఫారాల) మీద పెన్సిలుతో గళ్లు నింపే రోజుల నుంచి. మీరు కాలమ్‌లో వేసుకునే శాతం ఏ గుమ్మం ముందు ఎలా పుడుతుందో చూసిన మనిషిని.

"ఈ సంస్థ మీద మీకు ఎంత నమ్మకం ఉంది? చాలా ఉంది, కొంత ఉంది, పెద్దగా లేదు, అసలు లేదు." నాలుగు జవాబులు. రసూల్‌పురాలోనో బోరబండలోనో ఒక గుమ్మం ముందు నిలబడి ఇది చదివితే మొదట వచ్చేది జవాబు కాదు, ఎదురు ప్రశ్న. "మీరు గవర్నమెంటు వాళ్లా?" కాదంటే ఒక జవాబు, ఔనేమో అన్న అనుమానం మిగిలితే ఇంకో జవాబు. రేషన్ కార్డు అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్న ఇంట్లో ప్రభుత్వం మీద నమ్మకం ఎప్పుడూ "చాలా ఉంది". ఆవిడ చెబుతుంటే వెనక మంచం మీద నుంచి భర్త "ఏముంది, ఏం లేదు" అని అరుస్తాడు. షెడ్యూలులో ఆయన లేడు. మా అమ్మాయిలకు నేను నేర్పింది ఒకటే, ఎవరి పేరు శాంపిల్‌లో ఉందో ఆ మనిషి జవాబే రాయాలి, వెనక నుంచి వచ్చేది రాయకూడదు.

పోలీసుల సంగతి చూడండి. మన దేశంలో ఏ సర్వే చూసినా సైన్యం పైన, పార్టీలూ పోలీసులూ అడుగున. వారాసిగూడలో ఒకావిడ పోలీసుల మీద "అసలు లేదు" అని గట్టిగా చెప్పింది. తర్వాతి ప్రశ్నకు పేజీ తిప్పుతుంటే, కూతురు కాలేజీకి ఆటోలో వెళుతుందని, ఆ పిల్ల ఫోన్‌లో షీ టీమ్స్ (ఆడవాళ్ల రక్షణకున్న పోలీసు బృందాలు) వాట్సాప్ నంబరు తానే సేవ్ చేయించానని చెప్పింది. అవసరం పడితే ఎవరికి ఫోన్ చేయాలో ఆమెకు సందేహమే లేదు. కానీ నా కాగితం మీద "అసలు లేదు" అనే ఉంది. సైన్యం మీద "చాలా ఉంది" అన్నవాళ్లలో ఎంతమందికి సైన్యంతో ఎప్పుడైనా పనిపడింది చెప్పండి?

ఇది మా ఫీల్డ్ వాళ్ల గొణుగుడు మాత్రమే అనుకోకండి. మీరు చెప్పిన ఆ అమెరికా అంకె మీదే 1974లో ఆర్థర్ మిల్లర్‌కి, జాక్ సిట్రిన్‌కి, ఇద్దరూ పొలిటికల్ సైన్స్ పరిశోధకులే, వాదన జరిగింది. నమ్మకం పడిపోతోందంటే జనం వ్యవస్థకే దూరమవుతున్నారని మిల్లర్ అన్నాడు. అదేం కాదు, కుర్చీలో ఉన్నవాళ్ల మీద కోపం, పైగా నాయకులను తిట్టడం ఒక ఆనవాయితీ అయిపోయింది అని సిట్రిన్ అన్నాడు. యాభై ఏళ్లయినా తెగలేదు. నన్నడిగితే సిట్రిన్ వైపే మొగ్గుతాను. అమెరికాలో అధ్యక్షుడి పార్టీ మారితే చాలు, నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ కుర్చీలు మార్చుకుంటారు. మన బస్తీల్లో ఎన్నికల ముందు, తర్వాత తిరిగినవాళ్లకూ ఇది కొత్త కాదు. మీ నాటో చిక్కు సగం ఇక్కడే విడిపోతుంది. తమ ప్రభుత్వం మీద చిరాకుపడే అమెరికన్ నాటో నుంచి బయటికి రమ్మని అడగడం లేదు, ఆ ప్రశ్న అతన్ని అడగలేదు.

చైనా 90 శాతం గురించి. భయపడి చెప్పారని ఒక్క మాటలో కొట్టేయకండి. దాన్ని పరీక్షించడానికి ఒక పద్ధతుంది. సగం మందికి ముగ్గురు నాయకుల పేర్లు చదివి, వీళ్లలో ఎంతమందిని మీరు సమర్థిస్తారో అంకె మాత్రం చెప్పండి, పేర్లు వద్దు అంటారు. మిగతా సగానికి అవే మూడు పేర్లకు అసలు నాయకుడి పేరు నాలుగోదిగా కలుపుతారు. రెండు గుంపుల సగటుల మధ్య తేడాయే ఆ నాలుగో మనిషికి ఉన్న మద్దతు. ఎవరు ఏమన్నారో అడిగినవాడికి కూడా తెలియదు. 2015లో రష్యాలో పుతిన్ మీద ఇలా చేస్తే దాదాపు 80 శాతం వచ్చింది. నేరుగా అడిగినప్పుడు వచ్చినదానికంటే కాస్త తక్కువ, అంతే. ఆ రోజుకు ఆ మద్దతు చాలావరకు నిజమే. చైనాలో ఇలాంటి పద్ధతితోనే అడిగినప్పుడు నేరు ప్రశ్నకూ దీనికీ తేడా ఎక్కువగా తేలింది. కాబట్టి దేశాన్ని బట్టి చూడాలి, ముందే తీర్పు చెప్పకూడదు.

ఇక మీకు కావలసిన ప్రశ్న, "ఫలానా దేశాన్ని నమ్మొచ్చా?" ఇది అడగడం ఇంకా కష్టం. పాకిస్తాన్ గురించి అడిగితే దాదాపు అందరిదీ ఒకే జవాబు. ఎప్పుడూ కదలని అంకెతో మీరు దేన్నీ వివరించలేరు. అమెరికా అంటే కదులుతుంది, కానీ ఎందుకు కదులుతుందో చూడాలి. కొడుకు డాలస్‌లో ఉన్న ఇంట్లో అమెరికా మీద నమ్మకం అంటే వాళ్లకు గుర్తొచ్చేది నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా స్లాట్. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించిన వారంలో కూకట్‌పల్లిలో ఈ ప్రశ్న అడిగి ఉంటే వచ్చే జవాబుకు విదేశాంగ విధానం అని పేరు పెట్టగలమా?

మరి ఎలా అంటే, నేను అడిగేదానికంటే చూసేదాన్ని నమ్ముతాను. మా కాలనీలో ఆడవాళ్లం చిట్టీ నడుపుకుంటాం. రెండో నెలలోనే పాట పాడి ఎత్తుకున్నావిడను మేమెవరం ఒక్క కాగితం అడగలేదు. అదే మనిషి ఒక కంపెనీలో చిట్టీ ఎత్తితే ముగ్గురు ఉద్యోగస్తుల ష్యూరిటీ, జీతం స్లిప్పులతో సహా తెమ్మంటారు. ఎంత ష్యూరిటీ అడిగారన్నది చూస్తే ఎంత నమ్మారో తెలిసిపోతుంది, ఎవరినీ ఇంటర్వ్యూ చేయనక్కర్లేదు. దేశాల విషయంలో ఆరన్ హాఫ్‌మన్ 2002లో చెప్పింది దాదాపు ఇదే. ఎదుటి దేశానికి ఎంత స్వేచ్ఛ వదిలారు, దాని మీద ఎంత నిఘా పెట్టారు, ఈ రెండూ చూడమన్నాడు. అశోక్‌నగర్ తమ్ముడు చెప్పిన ఐఎన్ఎఫ్ గేటు కాపలా దీని ప్రకారం నమ్మకం కాదు, ష్యూరిటీ. మీ జనవరి 1 జాబితా కూడా అంతే. అది పంపినందువల్ల ఎవరూ ఎవరికీ ఏమీ వదులుకోలేదు.

నమ్మకం, నియమం పాటించడం వేరువేరు అని మనవాళ్లకు వివరించాలంటే గల్వాన్ చాలు. 1996లో చైనాతో చేసుకున్న ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదు. 2020 జూన్ 15 రాత్రి సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో కలిపి 20 మంది చనిపోయారు. రాళ్లు, మేకులు కొట్టిన రాడ్లు. ఒక్క తూటా పేలలేదు. ఆ రాత్రి ఆ లోయలో నమ్మకం ఉందని ఎవరైనా అంటారా? 24 ఏళ్ల నాటి నియమం మాత్రం ఉంది. సెప్టెంబరు వచ్చేసరికి పాంగాంగ్ దగ్గర గాల్లోకి కాల్పులు జరిగాయి, 45 ఏళ్లలో మొదటిసారి. మీరు ఒప్పందాల సంఖ్య లెక్కపెడితే 1993, 1996, 2005, 2013 అని చైనా కాలమ్ నిండుగా కనిపిస్తుంది. దాన్ని నమ్మకం అని చదివితే పప్పులో కాలేసినట్టే.

---

కృష్ణా_రిటైర్డ్_ఈఈ

సుగుణ గారు చాలావరకు బాగా చెప్పారు. కానీ "సరిచూసుకునే ఏర్పాటు ఉంటే నమ్మకం అక్కర్లేదు" అన్న అశోక్‌నగర్ బాబు మాటను అలా వదిలేస్తే కుదరదు. నేను ఇరిగేషన్‌లో పనిచేశాను. సరిచూసుకోవడం అంటే ఏమిటో కాలువ గట్టు మీద చూశాను.

దేశాల దాకా వెళ్లకముందు రెండు రాష్ట్రాల సంగతి వినండి. కృష్ణా నీటిలో ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రైబ్యునల్ ఇచ్చింది 811 టీఎంసీలు. విడిపోయాక 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. ఎవరెంత వాడుతున్నారో ఎవరి మాటా ఎవరూ నమ్మరు కాబట్టి టెలిమెట్రీ పెట్టాలన్నారు. కాలువ మీద సెన్సార్ ఉంటే పారే నీటి లెక్క దానంతట అదే కృష్ణా నదీ యాజమాన్య బోర్డుకు పోతుంది, మనిషితో పని లేదు. వినడానికి బాగుంది కదా? ఏ పాయింట్ దగ్గర పెట్టాలి, డబ్బు ఎవరు కట్టాలి, వచ్చిన రీడింగ్ సరైనదేనా అన్న దగ్గరే ఏళ్లు గడిచాయి. మీటరు పెడితే గొడవ మీటరు మీదికి మారుతుంది బాబూ. నీళ్ల మీద గొడవ అలాగే ఉంటుంది.

2023 నవంబరు 30, తెలంగాణలో పోలింగ్ రోజు. అంతకుముందు రాత్రే ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వచ్చి 26 గేట్లలో 13 తమ అధీనంలోకి తీసుకున్నారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. మధ్యలో ముళ్లకంచె. ఆనకట్ట ఒక్కటే, భాష ఒక్కటే, అటూ ఇటూ నిలబడ్డ ఇంజనీర్లలో ఒకే కాలేజీలో చదివినవాళ్లున్నారు. చివరికి కేంద్ర హోం శాఖ కల్పించుకుని సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించింది. ఎవరిది న్యాయం అన్నది ఇక్కడ నేను చెప్పను, చెబితే ఈ థ్రెడ్ వేరే దారి పడుతుంది. నేను అనేది, మూడోవాడు కావలసి వచ్చింది, ఆ మూడోవాడి మీద రెండు వైపులా కాస్తయినా నమ్మకం ఉండబట్టే కుదిరింది.

భారత్, పాకిస్తాన్ మధ్య సింధు నదీజలాల ఒప్పందంలో సరిగ్గా ఈ మూడోవాడే చిక్కు తెచ్చాడు. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు, మధ్యలో ప్రపంచ బ్యాంకు. 1965, 1971, 1999 యుద్ధాలు దాటుకుని బతికింది. గొడవ వస్తే ముందు రెండు దేశాల కమిషనర్లు మాట్లాడుకోవాలి, తేలకపోతే తటస్థ నిపుణుడు, ఆ పైన మధ్యవర్తిత్వ కోర్టు. మనం కడుతున్న కిషన్‌గంగ, రాట్లే జలవిద్యుత్ ప్రాజెక్టుల మీద పాకిస్తాన్ ముందు నిపుణుడిని అడిగి, తర్వాత మాట మార్చి కోర్టు కావాలంది. మనం నిపుణుడే కావాలన్నాం. ప్రపంచ బ్యాంకు 2022లో రెండింటినీ ఒకేసారి నియమించింది. మనం కోర్టును గుర్తించలేదు. అంటే, డిజైన్ సరైనదా కాదా అన్న సాంకేతిక ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఎవరు అన్నదే గొడవైంది. సరిచూసేవాడి మీద నమ్మకం లేకపోతే సరిచూడటం మొదలే కాదు.

ఇంకొక సంగతి. పహల్గామ్ దాడి జరిగిన మర్నాడు, 2025 ఏప్రిల్ 23న, మనం ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టాం. నీటి లెక్కలు పంపడం ఆగింది. ఆగస్టులో జమ్మూలో తావి నది పొంగింది. అప్పుడు మన హైకమిషన్ ద్వారా పాకిస్తాన్‌కు వరద హెచ్చరిక వెళ్లింది. కమిషనర్ల దారిలో కాదు, మానవతా దృష్టితో అని చెప్పి. దిగువన ఉన్న ఊళ్లకు నీళ్లు వస్తున్నాయని చెప్పకుండా ఏ ఇంజనీరూ నిద్రపోలేడు, అది నాకు అర్థమవుతుంది. కానీ అరుణ్ బాబూ, దీన్ని నువ్వు ఏ కాలమ్‌లో వేస్తావు?

---

అరుణ్_ఎంఏ

సుగుణ గారూ, సార్, చాలా థాంక్స్. అశోక్‌నగర్ అన్నా, నీకు కూడా.

ఒక్కటి మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. మీరిద్దరూ చెప్పినదాన్ని బట్టి ప్రజల నమ్మకానికి అంతర్జాతీయ సంబంధాల్లో పనే లేనట్టుంది. పాల్ బ్రూవర్, మరికొందరు కలిసి 2004లో ఒక పేపర్ రాశారు. "ఇతర దేశాలను నమ్మొచ్చా, జాగ్రత్తగా ఉండాలా" అని అమెరికన్లను అడిగారు. ఆ ఒక్క జవాబును బట్టే ఏ దేశాన్ని స్నేహితుడు అనుకుంటారో, దేన్ని ముప్పు అనుకుంటారో చాలావరకు తెలుస్తోందని తేలింది. జనం మనసులో అంత ఉంటే అది ఢిల్లీ దాకా వెళ్లదా? రెండో కాలమ్ మార్చమంటే మారుస్తాను, మొదటిది తీసేయడానికి మనసు ఒప్పడం లేదు.

---

సుగుణ_నల్లకుంట

తీసేయమని నేను అనలేదండీ, దాని చోటు మార్చమంటున్నాను. పక్క దేశం మీద మన జనానికి ఉన్న నమ్మకం కంటే, సొంత నాయకుడి మీద ఉన్న నమ్మకం ఎక్కువ పని చేస్తుందని నా అనుమానం. ఎందుకో చెబుతాను.

బయటి దేశంతో ఒప్పందం అంటే రిస్కు. అది బెడిసికొడితే నాయకుడికి ఇంట్లో ఏం జరుగుతుంది? రాబర్ట్ పట్నం 1988లో దీన్ని రెండు బల్లల ఆట అన్నాడు, ఒక బల్ల దగ్గర విదేశం, ఇంకో బల్ల దగ్గర సొంత జనం, పార్టీలు. వాజపేయి 1999 ఫిబ్రవరిలో బస్సెక్కి లాహోర్ వెళ్లారు. మూడు నెలలకే కార్గిల్. ఇంకొకరైతే మళ్లీ పాకిస్తాన్ పేరెత్తేవారు కాదు. ఆయన 2001లో ముషారఫ్‌ను ఆగ్రాకు పిలిచారు, పార్లమెంటు మీద దాడి తర్వాత సైన్యాన్ని సరిహద్దుకు నడిపి కూడా 2004 జనవరిలో ఇస్లామాబాద్ వెళ్లారు. ఈయన దేశాన్ని అమ్మేస్తాడని ఆయన ఓటర్లు ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అదే మన్మోహన్ సింగ్ 2009 జులైలో షర్మ్-ఎల్-షేక్‌లో ఒక ఉమ్మడి ప్రకటన మీద ఒప్పుకుని వస్తే, అందులో బలూచిస్తాన్ మాట ఉందని పార్లమెంటులో దుమారం లేచింది, సొంత పార్టీవాళ్లు కూడా గట్టిగా వెనక నిలబడలేదు. ఆయనే 2008లో అణు ఒప్పందం కోసం ప్రభుత్వాన్ని పణంగా పెట్టి 275-256తో బయటపడ్డారు. కాబట్టి మనిషి పిరికివాడు అని కొట్టిపారేయడానికి లేదు.

బంగ్లాదేశ్ తీసుకోండి, అక్కడ మీకు మంచి జత దొరుకుతుంది. 2011 సెప్టెంబరులో తీస్తా నీళ్ల ఒప్పందం సంతకానికి సిద్ధం. మమతా బెనర్జీ ఢాకా రానన్నారు, ఆగిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది. 1974 నాటి భూసరిహద్దు ఒప్పందం మాత్రం 2015లో పార్లమెంటు ఉభయసభల్లో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గింది. 111 మన చిట్‌మహల్‌లు (పక్క దేశం భూమి మధ్యలో చిక్కుకున్న ఊళ్లు) అటు, 51 వాళ్లవి ఇటు. దేశం అదే, రెండు వైపులా జనం కూడా వాళ్లే. పక్క దేశం మీద నమ్మకమే కారణమైతే రెండూ కావాలి, లేదా రెండూ ఆగాలి. కోల్‌కతాకూ ఢిల్లీకీ మధ్య ఏమున్నదో చూస్తే మీకు దారి దొరుకుతుంది.

బ్రూవర్ పేపర్ మంచిదే. దాన్ని మీరు జనం దేశాలను ఎలా చూస్తారు అన్న చోట వాడండి. ప్రభుత్వాలు ఏం చేస్తాయి అన్న చోటికి లాగకండి.

రెండో కాలమ్‌కి ఒప్పందాల సంఖ్య వద్దు. జనవరి 1 జాబితా కూడా వద్దు, ఏటా తప్పకుండా జరిగేదానికి హెచ్చుతగ్గులుండవు. హెచ్చుతగ్గులున్నవి వెతకండి. సింధు కమిషన్ సమావేశాలు ఏ ఏడాది జరిగాయి, ఎంత ఆలస్యమయ్యాయి. 118వది 2022 మే నెలలో ఢిల్లీలో జరిగింది, ఆ తర్వాత లేదు. వీసాలు, రైళ్లు, సరిహద్దు దాటే సరుకు, ఏది ఎప్పుడు మూశారు, ఎప్పుడు తెరిచారు. వీటిలో ఒక్కొక్కదాని ఎదురుగా, దీనికి ఎంత నిఘా పెట్టారు అని ఇంకో గడి ఉంచండి.

మీ కొలత పనికొస్తుందో లేదో చూడటానికి 2019ని వాడండి. ఫిబ్రవరిలో పుల్వామా, బాలాకోట్. ఆగస్టులో 370 తర్వాత సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది, 1976 నుంచి నడిచిన బండి. అదే ఏడాది నవంబరు 9న కర్తార్‌పూర్ కారిడార్ తెరిచారు, వీసా లేకుండా యాత్రికులు వెళ్లడానికి. ఏడాది మొత్తానికి ఒకే అంకె ఇచ్చే పద్ధతి ఏదైనా ఈ పన్నెండు నెలల దగ్గర విరిగిపోతుంది. సంవత్సరం వారీగా కాకుండా అంశం వారీగా కొలిస్తేనే నిలుస్తుంది.

---

అశోక్‌నగర్_రీడింగ్‌రూమ్

మేడమ్, తీస్తా-భూసరిహద్దు జత నేను కొట్టేస్తున్నా, మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్‌లో వాడుకుంటా. ఈఈ సార్, మీటరు మీదికి గొడవ మారుతుందన్న పాయింట్ ఒప్పుకుంటా గానీ, వోట్‌కిన్స్క్ గేటు దగ్గర మూడోవాడు లేడు సార్. ఇద్దరే, ఒకరి గేటు ముందు ఒకరు. మరి అది ఎలా నడిచింది?

---

కృష్ణా_రిటైర్డ్_ఈఈ

ఇద్దరికీ ఒకేలాంటి గేటు ఉంది కాబట్టి. నువ్వు నా గేటు దగ్గర పేచీ పెడితే నేను నీ గేటు దగ్గర పెడతాను. నదికి అలా కుదరదు, ఒకడు ఎప్పుడూ ఎగువనే ఉంటాడు. అరుణ్, ఈ తేడాను నీ గడుల్లో ఒకటిగా చేర్చు, ఇద్దరి స్థానం సమానమా కాదా అని. కమిషన్ సమావేశాల తేదీలు ప్రభుత్వ పత్రికా ప్రకటనల్లో దొరుకుతాయి, పాతవాటికి లైబ్రరీలో పేపర్లు తిరగేయాలి. పట్టిక తయారయ్యాక ఇక్కడే పెట్టు, చూస్తాను.